పిల్లలందరికీ ఒకే థెరపీ టైమ్‌టేబులా? తెలిసినవాళ్ళు చెప్పండి

మియాపూర్_అమ్మ
మా బాబుకి నాలుగేళ్ళు నిండాయి. ఆటిజం అని పోయినేడాది చెప్పారు. మాటలు చాలా తక్కువ. ‘నీళ్ళు’, ‘వద్దు’, ‘పద’ లాంటివి నాలుగైదు వస్తాయి, అంతే. కానీ మనం చెప్పేది చాలావరకు అర్థం చేసుకుంటాడు. రంగులన్నీ వచ్చు, ఇంగ్లిష్ అక్షరాలు వచ్చు, బోర్డు చూసి మెట్రో స్టేషన్ గుర్తుపడతాడు. పెద్ద శబ్దాలు అసలు పడవు. అన్నంలో కూర కలిపితే ముట్టడు.

ఇంటికి దగ్గర్లో ఉన్న సెంటర్‌లో చేర్పించాం. మొదటిరోజు కాసేపు చూసి ప్యాకేజీ రాసిచ్చారు. వారానికి ఐదు రోజులు, రోజూ స్పీచ్, ఓటీ (రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ), బిహేవియర్, స్పెషల్ ఎడ్యుకేషన్. మా అపార్ట్‌మెంట్‌లో ఇంకో పాప కూడా అక్కడికే వెళ్తుంది. ఆ పాప గలగలా మాట్లాడుతుంది, కానీ ఒకచోట కూర్చోలేదు, పెన్సిల్ పట్టుకోలేదు. నిన్న వాళ్ళమ్మా నేనూ ఫైళ్ళు పక్కపక్కన పెట్టి చూశాం. గోల్స్ షీటు పొల్లు పోకుండా ఒకటే! ‘ఎరుపు, నీలం, పసుపు రంగులు గుర్తించడం’ అని మావాడి షీటులోనూ ఉంది. మావాడి షీటులోనే రెండుచోట్ల ‘పాప’ అని కూడా ఉంది.

అడిగితే ‘ఈ వయసు పిల్లలకి ఇదే ప్రోగ్రామ్ మేడమ్, ముందు కూర్చోవడం రావాలి కదా’ అన్నారు. నెలకు ముప్పై వేలు దాటుతోంది. మావారు మానేద్దాం అంటున్నారు. మా అత్తయ్యగారికేమో మానేస్తే ఉన్న మాటలు కూడా పోతాయేమోనని టెన్షన్. అన్నిచోట్లా ఇలాగే ఉంటుందా? ఒక పిల్లాడికి ఏం కావాలో ఎవరు తేల్చాలి, ఎలా తేల్చాలి?

కాఫీ_ఫిల్టర్
‘పాప’ అన్న మాట కూడా మార్చలేదంటే షీటు మీ బాబుని చూసి రాసింది కాదు. ఇంకేం ఆలోచిస్తున్నారు, మార్చేయండి సెంటర్.

పిల్లర్_నంబర్_118
అంత తొందర వద్దు. మా అమ్మాయి ఇలాంటి ప్యాకేజీలోనే బాగుపడింది. రోజూ ఒకే టైముకి వెళ్ళడం, ఒకే టీచర్ ఉండడం మాకు చాలా పనిచేసింది. సెంటర్ మారిస్తే పిల్లలు కొత్త మనిషికి అలవాటు పడడానికే నెలలు పోతాయి. షీటు ఎవరో కాపీ కొట్టినంత మాత్రాన లోపల టీచర్ మంచిది కాదని చెప్పలేం. ముందు సెషన్ కూర్చుని చూడండి.

మియాపూర్_అమ్మ
@పిల్లర్_నంబర్_118 లోపలికి రానివ్వరండీ. తలుపు వేసేస్తారు. అయ్యాక బయటికొచ్చి ‘ఈరోజు బాగా చేశాడు’ అంటారు.

పిల్లర్_నంబర్_118
అది మాత్రం తప్పే. మాకు అద్దం గది ఉండేది, అంతా కనిపించేది.

మాటల_మూట
నేను స్పీచ్ థెరపిస్టుని. ఈ ఊళ్ళోనే పని. సొంత సెంటర్ లేదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

అసెస్‌మెంట్ అంటే పిల్లాడిని కాసేపు చూడడం కాదు. వినికిడి పరీక్ష ఉండాలి. తల్లిదండ్రులతో తీరిగ్గా మాట్లాడాలి. పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే వరకు రోజు ఎలా గడుస్తుంది, ఎక్కడ గొడవ అవుతుంది, ఏం కావాలన్నా ఎలా అడుగుతాడు అని అడగాలి. పిల్లాడు ఆడుకుంటుంటే చూడాలి. ఇవన్నీ అయ్యాకే గోల్స్.

మీ బాబు సంగతే చూడండి. అర్థం చేసుకుంటాడు, అక్షరాలు వచ్చు, బోర్డు చదువుతాడు. మాట మాత్రం బయటికి రావడంలేదు. అలాంటి పిల్లాడికి రంగులు నేర్పించడం టైమ్ వేస్ట్. తనకు కావాల్సింది చెప్పుకునే దారి ముందు కావాలి. బొమ్మల కార్డులు, ఫోటోలు, ట్యాబ్, ఏదైనా సరే. చదివే పిల్లాడు కాబట్టి రాసిన పదాల కార్డులు కూడా పనిచేయొచ్చు. ‘కార్డులు అలవాటైతే ఇక మాట్లాడడు’ అని చాలామంది భయపడతారు. ఇప్పటిదాకా వచ్చిన పరిశోధనల్లో అలా తేలలేదు. చాలామందికి మాటలు కొంచెం పెరిగాయి కూడా. ఐఐటీ బాంబేవాళ్ళు చేసిన ‘జెల్లో’ అనే యాప్ ఉంది, ఉచితం. ఒకసారి పెట్టి చూడండి.

మీ పక్కింటి పాపకి మాటలు ఉన్నాయి కదా, తనకి స్పీచ్ రోజూ ఎందుకో అడగమనండి. ఆ గంట ఓటీకి ఇస్తే పెన్సిల్ పట్టు మీద పని జరుగుతుంది. ఇద్దరికీ ఒకే నాలుగు గంటలు అమ్ముతున్నారు, ఇద్దరికీ కావాల్సింది సగమే అందుతోంది.

మియాపూర్_అమ్మ
వినికిడి పరీక్ష చేయించలేదు. పిలిస్తే పలకడు కానీ చాక్లెట్ కాగితం చప్పుడైతే పక్క గదిలోంచి పరిగెత్తుకొస్తాడు. అందుకే చెవులు బాగానే ఉన్నాయనుకున్నాం. సెంటర్‌వాళ్ళూ అడగలేదు.

మాటల_మూట
తప్పకుండా చేయించండి. కొందరికి కొన్ని శబ్దాలు వినిపిస్తాయి, కొన్ని వినిపించవు. చెవిలో నీరు చేరినా అలాగే ఉంటుంది. ఓఏఈ, బెరా అని రెండు పరీక్షలుంటాయి, నొప్పేం ఉండదు. బెరాకి పిల్లలు నిద్రలో ఉండాలి. మాటలు ఆలస్యం అని వచ్చిన ఏ పిల్లకైనా ముందు చేయాల్సింది ఇదే. మాటల ఆలస్యానికి వినికిడి కారణమైతే వేసుకున్న ప్లాన్ అంతా తిరగరాయాలి.

ఉప్పల్_నాన్న
మావాడికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. ప్రవర్తన విషయంలో మాకు జరిగింది చెప్తాను.

స్కూల్లో పక్క పిల్లల్ని కొడుతున్నాడని కంప్లైంట్. పాత సెంటర్‌లో బిహేవియర్ టీచర్ చార్టు పెట్టి, కొట్టకపోతే స్టార్, కొడితే స్టార్ కట్ చేశారు. ఏం మారలేదు. తర్వాత వచ్చిన టీచరమ్మ చార్టు పక్కనపెట్టి మాకొక నోట్‌బుక్ ఇచ్చింది. కొట్టే ముందు ఏం జరిగింది, ఎవరిని ఎలా కొట్టాడు, కొట్టాక ఏం జరిగింది. ఈ మూడే రాయమంది. ఇంట్లో మా ఆవిడ, స్కూల్లో ఆయమ్మ రాశారు. చదివితే విషయం బయటపడింది. ప్రతిసారీ బెల్ కొట్టేముందే, పిల్లలంతా డబ్బాలు తీసుకుని తలుపు దగ్గర ఎగబడుతున్నప్పుడే. కొట్టగానే వీడిని బయట కూర్చోబెట్టేవాళ్ళు. వాడికి కావాల్సింది కూడా ఆ గోలలోంచి బయటపడడమే!

అందరికంటే రెండు నిమిషాలు ముందు వాడిని బయటికి పంపడం మొదలుపెట్టారు. ‘బయటికి’ అని ఒక కార్డు ఇచ్చారు, చూపిస్తే వదిలేవాళ్ళు. కొట్టడం దాదాపు ఆగిపోయింది. అదే క్లాసులో ఇంకో బాబు కూడా కొట్టేవాడు. వాడిది పూర్తిగా వేరు, టీచర్ తన వైపు చూడాలని కొట్టేవాడు. వాడిని బయటికి పంపితే ఇంకా పెరిగేది. కొట్టడం ఇద్దరిదీ ఒకటే, కారణాలు వేరు కాబట్టి చేయాల్సిందీ వేరే.

రాగిజావ
@ఉప్పల్_నాన్న ఆ నోట్‌బుక్ ఐడియా ఇప్పుడే మా స్కూల్ గ్రూపులో పెట్టాను. ఆయమ్మతో రాయించడం భలే ఉంది. టీచర్ కంటే ఎక్కువ చూసేది ఆవిడే.

రాగిజావ
@మియాపూర్_అమ్మ మీవాడు కూర కలిపితే ముట్టడన్నారు. మా పాపకీ ఇదే ఉండేది. మొండి అనుకుని బలవంతంగా పెట్టమన్నారు ఒకచోట, వాంతి చేసుకునేది. ఓటీ మేడమ్ చూసి, దానికి ముద్దలో మెత్తవీ గట్టివీ కలిసి తగలడం పడదని చెప్పింది. కంచంలో అన్నం ఒక పక్క, పప్పు గిన్నెలో విడిగా, చెంచా దాని చేతికే ఇమ్మంది. ముట్టుకోవడం, వాసన చూడడం, నాలుకకి అంటించుకోవడం, ఇలా ఒక్కో మెట్టు. దొండకాయ ఇప్పటికీ తినదు. మా ఇంట్లో ఎవరూ తినరు లెండి.

తార్నాక_తాతయ్య
నా మనవడి గురించి. మాట ఆలస్యమైందని తీసుకెళితే, ఇంట్లో అందరూ ఇంగ్లిషే మాట్లాడండి, రెండు భాషలైతే పిల్లాడు తికమకపడతాడు అన్నారు. మా అబ్బాయి, కోడలు సరే అన్నారు. మా ఆవిడకి ఇంగ్లిష్ రాదు. దాంతో పిల్లాడితో మాట్లాడడమే మానేసింది. స్నానం చేయించేది ఆవిడే, అన్నం పెట్టేది ఆవిడే, నిద్రపుచ్చేదీ ఆవిడే. అన్నీ మౌనంగా చేస్తోంది. చూస్తే నాకు కడుపు తరుక్కుపోతోంది. ఇది సరైన సలహాయేనా?

మాటల_మూట
కాదండీ. అమ్మగారిని ఈరోజు నుంచే మాట్లాడమనండి, పాటలు పాడమనండి. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు, ఆటిజం పిల్లలకైనా సరే. పిల్లాడితో ఎక్కువ సేపు ఉండే మనిషి ఏ భాష బాగా మాట్లాడతారో అదే మొదటి భాష కావాలి. హైదరాబాద్‌లో తెలుగు, ఉర్దూ, హిందీ కలిసి వినని పిల్లలు ఎంతమంది ఉన్నారు చెప్పండి? థెరపిస్టుకి తెలుగు రాకపోతే అది థెరపిస్టు ఇబ్బంది. దాన్ని నానమ్మ మీద పెట్టకూడదు.

పిల్లర్_నంబర్_118
స్కూల్ ఇంగ్లిష్ మీడియం కదా మరి? రేపు అక్కడ ఇబ్బంది పడడా? మేము ఇంగ్లిష్ ఒక్కటే వాడాం, పాప బాగానే ఉంది.

మాటల_మూట
మీ ఇంట్లో ఇద్దరూ హాయిగా ఇంగ్లిష్ మాట్లాడగలిగితే మంచిదే, నేను వద్దనడంలేదు. తాతయ్యగారింట్లో రోజంతా దగ్గరుండే మనిషికి ఆ భాష రాదు. మీకు పనికొచ్చిన సలహా వాళ్ళింట్లో నానమ్మ నోరు కట్టేసింది. నేను మొదట్నుంచీ చెప్పేది ఇదే.

సర్కారు_బడి_టీచర్
ముప్పై వేలు పెట్టలేనివాళ్ళు కూడా ఇది చదువుతుంటారు. వాళ్ళ కోసం రాస్తున్నాను.

ప్రభుత్వ బడుల పరిధిలో భవిత కేంద్రాలున్నాయి, సమగ్ర శిక్ష కింద నడుస్తాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి అక్కడ ఐఈఆర్‌పీలు, అంటే ప్రత్యేక శిక్షణ ఉన్న టీచర్లు, ఉంటారు. మంచం దిగలేని పిల్లలకి ఇంటికే వెళ్ళి చెప్తారు. అన్నిచోట్లా ఒకేలా ఉండదు, ఖాళీలు కూడా ఉంటాయి, అది నిజమే. అయినా అడగండి. మండల విద్యాధికారి ఆఫీసులో చెప్తారు.

ఇక ప్లాన్ సంగతి. మనకు దగ్గర్లోనే, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. పాతవాళ్ళందరూ ఎన్‌ఐఎమ్‌హెచ్ అంటారు, ఇప్పుడు పేరు ఎన్‌ఐఈపీఐడీ. పిల్లల కోసం వాళ్ళు తయారుచేసిన చెక్‌లిస్టు ఒకటుంది, మేము ఎఫ్‌ఏసీపీ అంటాం. సొంత పనులు, నలుగురితో కలవడం, చదువు, పని, ఆట అని విడివిడిగా ఉంటుంది. ప్రతి పని దగ్గర తనంతట తాను చేస్తాడా, చెప్తే చేస్తాడా, చేయి పట్టుకుని చేయించాలా అని రాసుకుంటూ పోతాం. అప్పుడే ఏ పనికి ఎంత సాయం కావాలో తెలుస్తుంది. ‘చొక్కా వేసుకోలేడు’ అని రాస్తే ఏం పనికిరాదు. చేతులు దూర్చుకుంటాడు, గుండీలు రావు అని రాస్తే రేపు పొద్దున ఏం నేర్పాలో తెలుస్తుంది. మా బడిలో ఒక అమ్మాయికి ముందు పెద్ద గుండీలున్న స్వెటర్‌తో మొదలుపెట్టాం. అదీ కింది గుండీ ఒక్కటే, ఎందుకంటే కిందిది కళ్ళకు కనబడుతుంది. అది వచ్చాక పైకి వెళ్ళాం.

ఇంకో మాట. చాలామంది వైకల్యం సర్టిఫికెట్ కోసం చేసే ఐసా స్కోరునే ప్లాన్ అనుకుంటున్నారు. అందులో 40 అంశాలుంటాయి, ఆటిజం ఎంత తీవ్రంగా ఉందో కొలవడానికి. ఒకే స్కోరు వచ్చిన ఇద్దరు పిల్లలు ఒకేలా ఉండరు. సర్టిఫికెట్‌కి అది కావాలి, నేర్పడానికి అది చాలదు.

ఎల్బీనగర్_లహరి
నాకు ఒకటి చెప్పండి ప్లీజ్. స్టెమ్‌సెల్ (మూలకణాలు) ఎక్కిస్తే ఆటిజం తగ్గుతుందని ఫోన్లు వస్తున్నాయి. అమ్మమ్మ స్థలం అమ్మి చేయిద్దాం అంటున్నారు మావాళ్ళు.

సర్కారు_బడి_టీచర్
స్థలం అమ్మకండి.

మాటల_మూట
@ఎల్బీనగర్_లహరి దయచేసి వద్దు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చూడండి. మూలకణాల చికిత్స ఆమోదం పొందింది కొన్ని రక్త సంబంధ జబ్బులకే. ఆటిజం అందులో లేదు. డబ్బులు తీసుకుని చేయడం ఆ మార్గదర్శకాలకే విరుద్ధం. ఫోన్ చేసేవాళ్ళు మీ పాపకి మాటలున్నాయా, ఎంత వయసు, ఏం ఇబ్బంది అని ఒక్కటైనా అడిగారా? ఏమీ అడగకుండానే రేటు చెప్తే అది మీ పాప కోసం కాదు.

ఎల్బీనగర్_లహరి
వయసు కూడా అడగలేదు. బరువు అడిగారు. ఇంట్లో చూపిస్తాను ఈ పోస్టు.

చార్మినార్_చాయ్
పిల్లల విషయం కాదు, అయినా ఇక్కడే రాస్తున్నాను. మా నాన్నకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఇంటికొచ్చే ఫిజియో రోజూ నడకే చేయించేవాడు. నాన్న రెండు అడుగులు వేసి కూర్చుండిపోయేవారు, రేపటినుంచి రావొద్దని చెప్పమనేవారు. ఒకరోజు కొత్తగా వచ్చిన ఓటీ అమ్మాయి ‘మీకు ముందు ఏం చేయాలనుంది తాతగారూ’ అని అడిగింది. అప్పటిదాకా మేమెవ్వరం అడగలేదు. ‘నా అన్నం నేను కలుపుకోవాలి, మీసం నేను దువ్వుకోవాలి’ అన్నారు. పిడి లావుగా ఉన్న చెంచా, కంచం జారకుండా కింద తడిగుడ్డ, ఒక అంచు ఎత్తుగా ఉన్న పళ్ళెం. వీటితో మొదలుపెట్టారు. అన్నం సొంతంగా తినడం మొదలయ్యాక నడకకి కూడా ఒప్పుకున్నారు. మీసం ఇప్పుడు ఆయనే దువ్వుకుంటున్నారు.

కాఫీ_ఫిల్టర్
@చార్మినార్_చాయ్ తాతగారి మీసానికి మా అందరి తరఫున ఒక నమస్కారం పెట్టండి.

నిశాచరి
నేను ఆటిజం ఉన్న మనిషినే. పెద్దయ్యాక తెలిసింది. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ పని. అమ్మానాన్నల మాటలు, థెరపిస్టుల మాటలు చదివాను, మావైపు నుంచి కూడా ఒకటి ఉండాలని రాస్తున్నాను.

నాకు ఆటిజం అని తెలిసిన వెంటనే మా ఆఫీసువాళ్ళు మంచి మనసుతోనే ‘సోషల్ స్కిల్స్’ క్లాసులు పెట్టించారు. కళ్ళలోకి చూసి మాట్లాడటం, చిన్నచిన్న కబుర్లు చెప్పడం నేర్పారు. సాయంత్రానికి ప్రాణం పోయినంత అలసట. నాకు ఇబ్బంది అది కాదు. తలమీద ట్యూబ్‌లైటు, వెనకాల నడిచే మనుషులు, మీటింగ్‌లో నోటితో గబగబా చెప్పే పనులు. గోడ పక్కన సీటు ఇచ్చి, పనులు మెయిల్‌లో రాయమని మేనేజర్‌ని అడిగాను. ఇచ్చారు. పైసా ఖర్చు లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇలాంటి సర్దుబాట్లు అడిగే హక్కు ఉంది. ఆ చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, అందులో ఆటిజం కూడా ఉంది.

@మియాపూర్_అమ్మ మీ బాబుని మార్చే గోల్స్ ఎన్ని, వాడి చుట్టూ ఉన్నవాటిని మార్చే గోల్స్ ఎన్ని అని షీటులో లెక్కపెట్టండి. శబ్దాలు పడవన్నారు. మిక్సీ వేసేముందు వాడికి చెప్పడం, బయటికెళ్తే చెవులకి శబ్దం తగ్గించే మఫ్స్ పెట్టడం, ఇవి కూడా సాయమే.

పిల్లర్_నంబర్_118
@నిశాచరి మీరు చెప్పింది ఆలోచించాను. కానీ కాస్త అలవాటు కూడా చేయాలి కదా. లోకమంతా వాడి కోసం మిక్సీ ఆపదు.

నిశాచరి
లోకం ఆపక్కర్లేదు, వాళ్ళమ్మ చెప్పి వేస్తే చాలు. అలవాటు చేయాలా వద్దా అనేది కూడా పిల్లాడిని బట్టే. శబ్దం వల్ల చిరాకు పడే పిల్లాడు వేరు, నొప్పిలా బాధపడే పిల్లాడు వేరు. మొదటివాడికి మెల్లగా అలవాటు చేయొచ్చు. రెండోవాడి మీద అలవాటు పేరుతో రోజూ శబ్దం పెడితే అది హింస.

పిల్లర్_నంబర్_118
ఒప్పుకుంటున్నాను. మా పాప మొదటి రకం.

మియాపూర్_అమ్మ
వారంగా ఇదే చదువుతున్నాను, మా అత్తయ్యగారికి కూడా చదివి వినిపించాను. సెంటర్ హెడ్‌ని కలిశాం. మావారు మొదట కోపంగా వచ్చారు కానీ తర్వాత ఆయనే ఓపిగ్గా మాట్లాడారు. రంగుల గోల్ తీసేశారు. మూడు గోల్స్ పెట్టుకున్నాం. కావాల్సింది కార్డు ఇచ్చి అడగడం, గోల ఎక్కువైతే ‘ఆపు’ అని చూపించడం, చెంచాతో తినడం. స్పెషల్ ఎడ్యుకేషన్ గంటలు తగ్గించి వారంలో ఒక సెషన్‌కి నన్ను లోపల కూర్చోబెడతామన్నారు. మూడు నెలలకి రివ్యూ. బిహేవియర్ మాత్రం తగ్గించం అంటున్నారు, ప్యాకేజీ రేటు అలాగే ఉందట. అక్కడ ఇంకా తేలలేదు. ఓటీ టీచర్ చాలా మంచిదని మాత్రం అర్థమైంది, పిల్లర్ గారు అన్నట్టే.

ఉప్పల్_నాన్న
బాగుంది. అక్కడి స్పీచ్, స్పెషల్ ఎడ్యుకేషన్ వాళ్ళ సీఆర్‌ఆర్ నంబర్లు అడగండి. రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదైన స్పీచ్ థెరపిస్టులకి, స్పెషల్ ఎడ్యుకేటర్లకి ఆ నంబరు ఉంటుంది, వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. ప్యాకేజీ రేటు గురించి గట్టిగా పట్టుబట్టండి, తీసుకోని గంటకి డబ్బు ఎందుకివ్వాలి?

డబ్బుల మాట వచ్చింది కాబట్టి: యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్ళకి ఇచ్చే గుర్తింపు కార్డు) తీసుకున్నాక నిరామయ ఇన్సూరెన్స్ చేయించండి, ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ కూడా అందులో ఉంటుంది. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో వైకల్యం ఉన్న పిల్లల్ని పోషించేవాళ్ళకి 75,000 మినహాయింపు, వైకల్యం 80 శాతం, అంతకుమించి ఉంటే 1,25,000. అది పాత పద్ధతిలో కట్టేవాళ్ళకే. మీ ఆయన కొత్త పద్ధతికి మారి ఉంటే లెక్క వేసుకోమనండి.

మియాపూర్_అమ్మ
వినికిడి పరీక్షకి మనోవికాస్‌నగర్ వెళ్దామనుకుంటున్నాం. ఏమేం పట్టుకెళ్ళాలి?

సర్కారు_బడి_టీచర్
వినికిడికి అదే ప్రాంగణంలో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ అడగండి. పొద్దున్నే వెళ్ళండి, రద్దీ ఉంటుంది. బాబు ఆధార్, ఫోటోలు, పాత రిపోర్టులన్నీ. ఇంట్లో వాడు ఆడుకునేటప్పుడు, అన్నం తినేటప్పుడు తీసిన చిన్న వీడియోలు ఫోన్‌లో ఉంచుకోండి. కొత్తచోట పిల్లలు ఏమీ చేయరు, వీడియో చూస్తే వాళ్ళకి చాలా తెలుస్తుంది. బెరాకి నిద్ర కావాలి కాబట్టి ముందురోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి పొద్దున తొందరగా లేపండి, దారిలో ఆటోలో నిద్రపోనివ్వకండి.

రాగిజావ
తినేవి కూడా పట్టుకెళ్ళండి, అన్నం విడిగా, పప్పు విడిగా. 

తార్నాక_తాతయ్య
మా ఆవిడ నిన్నటినుంచి మాట్లాడుతోంది. కోడలికి ఇంకా అనుమానంగానే ఉంది. @మాటల_మూట గారూ, ఆ రెండు భాషల విషయం కొంచెం వివరంగా రాయగలరా, ఆమెకి ఫోన్‌లో పంపుతాను.

మాటల_మూట
రాత్రికి రాస్తానండీ. కోడలు గారికి ప్రశ్నలేమైనా ఉంటే అవీ ఇక్కడే పెట్టమనండి.